నీటి దెబ్బతో నీటిని ఎక్కించే పంపు

నడుస్తున్న మోటారుకు కరెంటు పోగానే పైపులో ‘ధడ్’మని ఒక దెబ్బ వినపడుతుంది. పొలం ఉన్నవాళ్లందరికీ తెలిసిన చప్పుడే. పైకి పోతున్న నీరు ఆగి, వెనక్కి మళ్లి, నీటిని వెనక్కి రానివ్వని వాల్వును, అంటే ఎన్నార్వీని, వేసిన దెబ్బ అది. ఎన్నార్వీ పాతదైతే పగులుతుంది, లేదంటే ఎక్కడో జాయింటు ఊడుతుంది. మేడలున్న ఇళ్లలో కుళాయి టక్కున కట్టినా గోడలోని పైపు అదురుతుంది. ఇంజనీర్లు దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. ఇది రాకుండా ఏం చేయాలో చెప్పే పుస్తకాలకు లెక్కలేదు.

ఈ తలనొప్పినే కొలువులో పెట్టుకున్న యంత్రం ఒకటి ఉంది. పేరు హైడ్రాలిక్ రామ్ పంపు. దీనికి కరెంటు వద్దు, డీజిలు వద్దు, సోలార్ పలకలు వద్దు. కదిలే భాగాలు రెండే, రెండూ వాల్వులే. వాగు పక్కన కూర్చోబెడితే పగలూ రాత్రీ టక్కు టక్కుమంటూ కొంత నీటిని కొండ మీదికి పంపుతూనే ఉంటుంది. యూట్యూబులో ప్లాస్టిక్ సీసాలు, పీవీసీ ముక్కలు అతికించి ‘ఫ్రీ ఎనర్జీ’ అని చూపించే వీడియోల వల్ల ఈ పంపుకు మంచి కన్నా చెడ్డపేరే ఎక్కువ వచ్చింది. ఇందులో ఉచితం అంటూ ఏదీ లేదు. ప్రతి చుక్కకూ లెక్క ఉంది. ఆ లెక్కను ఇంత పొదుపుగా, ఇంత తక్కువ సామానుతో నడిపించిన పనితనాన్ని దగ్గరగా చూడాలి.

ఆకారంలో మాత్రం చూడముచ్చటగా ఏమీ ఉండదు. ఎత్తు మీద ఒక చిన్న తొట్టె. అందులోంచి వాలుగా దిగి వచ్చే లావుపాటి ఇనుప పైపు, అంటే డ్రైవ్ పైపు. ఆ పైపు చివర పంపు. పంపు ఒళ్లు కూడా పైపు ముక్కే. దాని మీద ఒక పక్క బయటి గాలికి తెరుచుకునే వేస్ట్ వాల్వు, రెండో పక్క లోపలికి మాత్రమే తెరుచుకునే డెలివరీ వాల్వు. డెలివరీ వాల్వు నెత్తిన నిలువుగా మూతపడిన గాలి డబ్బా. డబ్బా అడుగు నుంచి సన్నటి పైపు ఒకటి బయల్దేరి ఊరి ట్యాంకు దాకా ఎక్కుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో అంకెలతో చూస్తే బాగా బోధపడుతుంది. తొట్టె నుంచి పంపుకు దిగుడు 3 మీటర్లు అనుకుందాం. డ్రైవ్ పైపు 15 మీటర్ల పొడవున్న రెండంగుళాల జీఐ పైపు. అందులో నిండుగా ఉన్న నీటి బరువు 30 కిలోల పైమాటే. వాగు నుంచి తొట్టెలోకి నిమిషానికి 60 లీటర్లు, అంటే సెకనుకు లీటరు చొప్పున నీరు వస్తోంది. ట్యాంకు పంపు కన్నా 30 మీటర్ల ఎత్తున ఉంది.

మొదట వేస్ట్ వాల్వు తన బరువుకు తానే కిందికి జారి తెరుచుకుని ఉంటుంది. నీరు దాని చుట్టూ నుంచి బయటికి పోతూ వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగే కొద్దీ వాల్వు బిళ్లను పైకి నెట్టే బలమూ పెరుగుతుంది. బిళ్ల కాస్త లేచిందంటే సందు ఇరుకవుతుంది, ఆ ఇరుకులో నీరు ఇంకా విసురుగా దూసుకుపోతుంది, బిళ్ల ఇంకా లేస్తుంది. సగం దూరం లేచాక ఇక దాన్ని ఆపేదేమీ లేదు. ఠక్కున మూసుకుంటుంది. ఎవరూ కట్టలేదు, ఏ తీగా లాగలేదు. ఏ నీటిని ఆపాలో ఆ నీటి వేగమే వాల్వును మూసింది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

తలుపు మూసుకుంది కానీ, వెనకాల 30 కిలోల నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో వస్తూనే ఉంది. నిండు బస్సుకు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డ జనమంతా డ్రైవరు సీటు మీదికి ఒరిగినట్టు ఆ నీరంతా పంపులోకి ఒత్తుకుంటుంది. పోయే దారే లేని ఇనుప గొట్టంలోనైతే ఈ వేగం ఒక్కసారిగా ఆగినప్పుడు పుట్టే ఒత్తిడి 130 మీటర్ల ఎత్తున్న నీటి స్తంభానికి సమానం. 3 మీటర్ల దిగుడు మాత్రమే ఉన్న నీటికి ఈ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆశ్చర్యం కలుగుతుంది. ఎత్తు ఇచ్చిన బలం కాదది, ఆగడం ఇచ్చిన బలం.

అయితే ఒత్తిడిని అంతదాకా పోనివ్వదు పంపు. ట్యాంకు 30 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి డబ్బాలో ఎప్పుడూ 30 మీటర్ల నీటి ఒత్తిడి ఉంటుంది. పంపులో ఒత్తిడి దాన్ని దాటిన క్షణమే డెలివరీ వాల్వు తెరుచుకుంటుంది. కొద్దిపాటి నీరు డబ్బాలోకి దూరుతుంది. అక్కడితో వేగం చల్లారుతుంది, డెలివరీ వాల్వు మూసుకుంటుంది, లోపలికి పోయిన నీరు ఇక వెనక్కి రాదు. డ్రైవ్ పైపులోని నీరు గోడకు కొట్టుకున్నట్టు ఒక రవ్వ వెనక్కి తగ్గుతుంది. ఆ వెనకడుగులో పంపు లోపల ఒత్తిడి ఒక్క క్షణం బయటి గాలి కన్నా కూడా తగ్గిపోతుంది. వేస్ట్ వాల్వు బిళ్ల మళ్లీ కిందికి పడి తెరుచుకుంటుంది. నీరు మళ్లీ పరుగు మొదలుపెడుతుంది.

ఇదంతా జరగడానికి పట్టేది ఒక సెకను. నిమిషానికి 60 దెబ్బలు అనుకుంటే, ఒక్కో దెబ్బకు లీటరు నీరు దిగితే అందులో 940 మిల్లీలీటర్లు బయటికి పోతుంది, 60 మిల్లీలీటర్లు పైకి ఎక్కుతుంది. టీ కొట్టు గ్లాసుడు కూడా కాదు. కానీ నిమిషానికి 3.6 లీటర్లు, రోజుకు 5,184 లీటర్లు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్క పెట్టుకుంది. ఆ లెక్కన 90 మందికి పైగా సరిపోతుంది.

మోసం ఏమీ లేదనడానికి చిన్న గుణకారం చాలు. నిమిషానికి 60 లీటర్లు 3 మీటర్లు దిగితే 180. నిమిషానికి 3.6 లీటర్లు 30 మీటర్లు ఎక్కితే 108. దిగిన నీరు ఇచ్చిన శక్తిలో 60 శాతం ఎక్కే నీటికి అందింది, మిగతాది రాపిడికీ చప్పుడుకూ బయటికి చిమ్మే నీటికీ పోయింది. బాగా చేసి, బాగా అమర్చిన పంపు ఇంచుమించు ఇలాగే ఇస్తుంది. దిగుడు 3 మీటర్లున్నచోట 30 మీటర్లకు బదులు 60 మీటర్లకు ఎక్కించమంటే ఎక్కిస్తుంది కానీ నీరు సగానికి పైగా తగ్గిపోతుంది. దిగుడుకు ఇరవై రెట్లు మించిన ఎత్తు ఆశించడం అత్యాశే.

ఈ దెబ్బను మొదట పనిలో పెట్టినవాడు గడియారాలు చేసుకునే మనిషి కావడం విశేషం. ఇంగ్లండులోని డెర్బీ పట్టణంలో జాన్ వైట్‌హర్స్ట్ పేరున్న గడియారాల పనివాడు. 1772లో చెషైర్‌లోని ఔల్టన్‌లో ఒక భూస్వామి భవంతికి నీటి పైపులు ఏర్పాటు చేస్తూ వంటింటి కుళాయి కట్టినప్పుడల్లా వచ్చే దెబ్బను గమనించాడు. పైపుకు ఒక వాల్వు, గాలి పాత్ర తగిలించాడు. వంటింట్లో కుళాయి తిప్పి కట్టినప్పుడల్లా కొంత నీరు దాదాపు 16 అడుగుల ఎత్తుకు చేరేది. దాని వివరాలు 1775లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. వంటవాళ్లు వంట చేసుకుంటూ తమకు తెలియకుండానే నీళ్లు తోడిపెట్టారన్నమాట. కానీ కుళాయిని చెయ్యే తిప్పాలి. జీవితమంతా తమంతట తాము ఆడే చక్రాలు చేసిన మనిషి దీన్ని మాత్రం చేతి పనిగానే వదిలేశాడు.

చేతిని తప్పించినవాడు ఫ్రాన్సులోని జోసెఫ్-మిషెల్ మోంగోల్ఫియే. 1783లో తమ్ముడితో కలిసి వేడిగాలి బెలూను ఎగరేసిన మోంగోల్ఫియే ఇతనే. వాళ్లది కాగితాల మిల్లుల కుటుంబం. కాగితం చేయాలంటే నీళ్లు కావాలి. 1796లో వోయిరోన్‌లోని కాగితపు మిల్లుకు నీరెక్కించడానికి వాల్వు తనంతట తానే మూసుకుని తెరుచుకునే పంపు చేశాడు. మరుసటి ఏడాదే అతని తరఫున ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది మాథ్యూ బౌల్టన్, ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్‌కు వ్యాపార భాగస్వామి. ఆవిరి యంత్రాలు అమ్ముకునే మనిషి బొగ్గే అక్కర్లేని పంపుకు కాగితాలు రాయించుకోవడం చిత్రంగానే ఉంటుంది. 1816లో మోంగోల్ఫియే కొడుకులు మెరుగైన నమూనాకు పేటెంటు పొందారు, 1820లో దాన్ని జొసయా ఈస్టన్ అనే ఇంజనీరు కొన్నాడు. ఆ తరువాత ఈ పంపులు ఇంగ్లండు ఎస్టేటుల్లో, పల్లెల్లో విరివిగా వెలిశాయి.

గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. నీటి దెబ్బ బలాన్ని లెక్కగట్టే సూత్రాన్ని రష్యాలో నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి ప్రకటించింది 1890ల చివర్లో. అంటే పంపు వచ్చిన నూరేళ్లకు. ఆ నూరేళ్లూ పనివాళ్లు చెవితో విని, చేత్తో తడిమి, బిళ్ల బరువు మార్చి మార్చి దారిలోకి తెచ్చుకున్నారు.

చెవితో వినడం ఇప్పటికీ అవసరమే. వేస్ట్ వాల్వు కాడకు పైన నట్టు, దాని మీద బరువు ఎక్కువ తక్కువ చేసుకునే ఏర్పాటు ఉంటుంది. బరువు పెంచితే వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. నీరు ఎక్కువ వేగం అందుకుంటుంది కాబట్టి దెబ్బ గట్టిగా, నిదానంగా పడుతుంది, వాగు నీరు ఎక్కువ ఖర్చవుతుంది. బరువు తగ్గిస్తే దెబ్బలు చకచకా పడతాయి, నీరు తక్కువ తీసుకుంటుంది. వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా బిగించుకుంటే అదే పంపు రెండు కాలాలకూ సర్దుకుంటుంది. మామూలుగా నిమిషానికి 40 నుంచి 90 దెబ్బల మధ్య నడుస్తుంది.

ఇక గాలి డబ్బా. పైకి చూస్తే ఖాళీ డబ్బా, కానీ అది లేకపోతే పంపు బతకదు. దెబ్బ పడినప్పుడు దూరిన నీటికి చోటిస్తూ లోపలి గాలి నొక్కుకుంటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యాకోచించి ఆ నీటిని నిదానంగా పై పైపులోకి నెడుతుంది. అందుకే కింద ఠక్కు ఠక్కుమంటున్నా పైన ట్యాంకులో నీరు సన్నటి ధారగా పడుతుంది. గాలి లేకుంటే 30 మీటర్ల పై పైపులోని నీటినంతా ప్రతి సెకనూ ఒక్కసారిగా కదిలించాలి. అది కదలదు, ఇనుమే పగులుతుంది.

ఇక్కడే ఒక చిక్కు. ఒత్తిడిలో ఉన్న గాలి కొద్దికొద్దిగా నీటిలో కరిగిపోయి ట్యాంకుకు వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు డబ్బా నిండా నీరే. దీనికి పనివాళ్లు చేసిన విరుగుడు డెలివరీ వాల్వుకు కాస్త కింద వేసిన చిన్న బెజ్జం. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది. ఇందాక చెప్పిన వెనకడుగు గుర్తుంది కదా, ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గే ఆ ఒక్క క్షణంలో ఆ బెజ్జం ఒక బుడగ గాలిని పీల్చుకుంటుంది. తరువాతి దెబ్బకు ఆ బుడగ నీటితో పాటు డబ్బాలోకి చేరుతుంది. దెబ్బ పడినప్పుడు అదే బెజ్జంలోంచి కొంచెం నీరు చిమ్ముతుంది. చూసినవాళ్లు లీకు అనుకుని సబ్బో, ఎంసీలో పెట్టి మూసేస్తారు. పంపును చంపడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. గాలి తగ్గుతోందంటే చప్పుడే చెబుతుంది. మెత్తగా ఉన్న దెబ్బ రోజురోజుకూ కరుకెక్కి, ఇనుము మీద సుత్తి పడ్డట్టు మోగడం మొదలవుతుంది.

మొదటిసారి నడిపించేటప్పుడు కూడా ఒక ఒడుపుంది. నీరు వదలగానే వేస్ట్ వాల్వు ఒక్కసారి మూసుకుని అలాగే ఉండిపోతుంది. పై పైపు ఖాళీ కాబట్టి ఎదురు ఒత్తిడి లేదు, ఎదురు లేకపోతే వెనకడుగూ లేదు. అందుకని బిళ్లను చేత్తో కిందికి నొక్కి వదులుతూ ఉండాలి. పై పైపులోకి కొంత నీరెక్కి బరువు తగిలాక పంపు తనే అందుకుంటుంది.

డ్రైవ్ పైపు విషయంలో పొదుపు పనికిరాదు. సెకనుకు దాదాపు 1,300 మీటర్ల వేగంతో ఒత్తిడి అల ఇనుప పైపులో ప్రయాణిస్తుంది. పీవీసీ గోడలు సాగుతాయి కాబట్టి అందులో ఆ వేగం మూడో వంతుకు పడిపోతుంది, దెబ్బ బలమూ అంతే పడిపోతుంది. పైగా రోజుకు 86,400 సార్లు దెబ్బ తినాలి. ఏడాదికి 3 కోట్ల 15 లక్షల చిల్లర. వీడియోలో పది నిమిషాలు నడిచిన ప్లాస్టిక్ పంపు ఊళ్లో ఎందుకు నడవదో ఈ అంకె చెబుతుంది. ట్యాంకుకు పోయే పైపు మాత్రం ఆ ఎత్తుకు తట్టుకునే ప్లాస్టిక్‌దైనా ఫర్వాలేదు. డ్రైవ్ పైపు పొడవు దిగుడుకు మూడు నుంచి ఏడు రెట్ల మధ్య ఉండాలి. మరీ పొట్టిదైతే నీటికి ఊపు చాలదు, మరీ పొడుగైతే రాపిడి తినేస్తుంది. వంపులు ఉండకూడదు. పంపు ఒళ్లు సిమెంటు దిమ్మలో బోల్టులతో బిగించి ఉండాలి, లేదంటే దెబ్బ దెబ్బకూ జరిగిపోతుంది.

ఇంతకీ ఏ నీటికి ఇది పనికొస్తుంది? ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నూతిలో నీరు తోడదు. బోరులో నీరు తోడదు. చెరువు మధ్యలో పెడితే కదలను కూడా కదలదు. ఎందుకంటే దీనికి కావలసింది నీరు మాత్రమే కాదు, దిగే నీరు. పైనుంచి ఆగకుండా వచ్చి, పంపు దగ్గర బయటపడి, అక్కడ నిలవకుండా ఇంకా కిందికి పోయే నీరు. వేస్ట్ వాల్వు విడిచిన నీరు గుంటలో నిలిచి వాల్వును ముంచేస్తే పంపు మూగబోతుంది. కనీసం ఒక మీటరు దిగుడైనా ఉండాలి, రెండు మూడు మీటర్లుంటే మేలు. కోనసీమ లంకల చుట్టూ ఎంత గోదావరి ఉన్నా ఇది పనిచేయదు. పాడేరు, అనంతగిరి కొండల్లో మోకాలు కూడా మునగని గెడ్డ, అంటే కొండవాగు, పక్కన పనిచేస్తుంది. మైదానంలో చూస్తే కాలువలకు డ్రాపు కట్టిన చోట్లు కొంత అక్కరకొస్తాయి, అదీ కాలువకు నీరు వదిలిన నెలల్లోనే.

మన్యంలో కూడా అన్ని ఊళ్లకూ అక్కర్లేదు. ఊట ఊరి కన్నా పైన ఉంటే రామ్ పంపు మాట ఎత్తనే వద్దు. ఊట దగ్గర చిన్న తొట్టె కట్టి పైపు వేస్తే నీరు తనే దిగి వస్తుంది, ఏజెన్సీ గూడేలకు గ్రావిటీ పథకాలు అలా వచ్చినవే. గూడెం గట్టు మీద ఉండి, గెడ్డ కింద లోయలో పారుతుంటే, ఆడవాళ్లు బిందెలతో ఎక్కుతూ దిగుతూ ఉంటే అప్పుడు ఈ పంపు లెక్కలోకి వస్తుంది. గెడ్డ నుంచి వచ్చే నీటిలో ఇసుక, ఆకులు ఉంటాయి కాబట్టి తొట్టెలో మొదట మట్టి పేరుకునే అర, తరువాత జాలీ ఉండాలి. డ్రైవ్ పైపు మూతి నీటి మట్టానికి కనీసం ఒక అడుగు కింద మునిగి ఉండాలి. లేకపోతే సుడి తిరిగి గాలి లాక్కుంటుంది, పైపులోకి గాలి దూరితే దెబ్బ మెత్తబడిపోతుంది. ఇంకో మాట. ఈ పంపు నీటిని ఎక్కిస్తుందే కానీ శుభ్రం చేయదు. తాగాలంటే వడపోత, క్లోరిన్ మామూలే.

ఫిలిప్పీన్స్‌లోని నీగ్రోస్ దీవి దీనికి మంచి ఉదాహరణ. అక్కడ కొండల మీది పల్లెలకు ఎయిడ్‌ఫి అనే సంస్థ రామ్ పంపులు పెడుతోంది. ఔకే ఇడ్జెంగా అనే డచ్ ఇంజనీరు అక్కడే స్థిరపడి స్థానికులతో కలిసి ఈ పని నడిపించాడు. వాళ్ల పంపులో నాకు ముచ్చట గొలిపింది వాల్వు. ఖరీదైన పోత ఇనుము భాగాలకు బదులు బజారులో దొరికే తలుపు బందును కీలుగా వాడారు. అరిగితే ఊళ్లోనే కొత్తది కొని బిగించుకోవచ్చు. పార్సిలు కోసం నెలల తరబడి కాచుక్కూర్చోనక్కర్లేదు. ఈ పనికి 2007లో ఆష్‌డెన్ పురస్కారం, 2011లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చాయి. నన్నడిగితే ఆ పురస్కారాల్లో సగం ఆ తలుపు బందుకే ఇవ్వాలి. నూరేళ్లు నడిచే పంపు చేయడం ఒక పనితనం, ఊరి వెల్డరు బాగుచేయగల పంపు చేయడం అంతకన్నా పెద్దది.

ఎందుకంటే ఈ పంపులు ఆగిపోయేది యంత్రం చెడి కాదు, చూసేవాళ్లు లేక. రబ్బరు బిళ్ల అరుగుతుంది, నట్టు వదులవుతుంది, జాలీకి ఆకులు పడతాయి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరివో ముందే తేల్చుకోని చోట ఎంత మంచి పంపైనా తుప్పు పడుతుంది. ఊళ్లో ఒకరికి ఆ పని అప్పజెప్పి, చేతిలో ఒక స్పానరు, నాలుగు రబ్బరు బిళ్లలు పెట్టాలి.

మీ ఊరి గెడ్డకు ఇది పనికొస్తుందో లేదో తేల్చుకోవాలంటే శ్రావణంలో చూడకండి, అప్పుడు అన్ని గెడ్డలూ పొంగుతాయి. మే నెలలో, మొదటి వాన పడకముందు, ఒక బకెట్టు, ఒక వాచీ పట్టుకుని వెళ్లండి. నీటినంతా ఒక పైపులోకి మళ్లించి బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి, నిమిషానికి ఎన్ని లీటర్లో లెక్క కట్టండి. దాన్ని దిగుడు మీటర్లతో గుణించి, పంపు నుంచి ట్యాంకు ఎత్తుతో భాగించి, 0.6తో మళ్లీ గుణించండి. వచ్చిన అంకె నిమిషానికి ఎక్కే లీటర్లు, 1,440తో గుణిస్తే రోజుకు. ఊరి అవసరానికి అది చాలితే పంపు పెట్టించుకోండి. చాలకపోతే మొహమాటం లేకుండా సోలార్ మోటారుకే వెళ్లండి.